చెరువు పరిరక్షణ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులందరికీ నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరాలను, ఆ తర్వాత ఈ సమావేశం నాటి వరకు జరిగిన కొన్ని ముఖ్యమైన విషయాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాము. గతంలో మన నివేదికల్లో కట్ట మీద మొక్కల పెంపకం, శిఖం భూమి (చెరువు నీరు నిలిచే భూమి) హద్దులు, బతుకమ్మ ఆడే చోట దీపాలు, వినాయక నిమజ్జనం ఏర్పాట్లు తలా కొంత చోటు పంచుకునేవి. ఆ పనులు ఈ సంవత్సరమూ ఆగలేదు. అయితే కార్యవర్గం సమయంలోనూ సంఘం ఖర్చులోనూ పెద్ద భాగం ఒకే సమస్యకు పోయింది. చెరువు ఎగువన ఉన్న పాడి కొట్టాల నుంచి పేడ, మూత్రం, కడిగిన నీరు ఒర్రెలో (చిన్న వాగులో) పడి చెరువులోకి చేరుతుండడమే ఆ సమస్య. అందువల్ల ఈ నివేదిక కూడా ప్రధానంగా దాని గురించే ఉంటుంది.

చేపలు చనిపోయిన సంఘటన

2024 మే నెలలో, ఎండలు బాగా ముదిరిన రోజుల్లో, ఒక సాయంత్రం గాలివాన పడింది. వాన పెద్దదేమీ కాదు, చెరువుకు చెప్పుకోదగ్గ నీరు కూడా రాలేదు. కానీ నెలల తరబడి ఒర్రెలో పేరుకుపోయిన పేడనంతా ఒక్కసారిగా కడిగి చెరువులోకి తేవడానికి ఆ వాన సరిపోయింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు తెల్లవారుజామున మత్స్య సహకార సంఘం వారు కబురు పెడితే వెళ్లి చూశాము. తూము దగ్గర రవ్వలు, బొచ్చెలు నీటి పైకి మూతులు పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. పొద్దెక్కేసరికి అవి పొట్టలు పైకి తేలి, గాలి వాలున కట్ట రాళ్ల మధ్యకు చేరాయి. కొర్రమీనులు మాత్రం చావలేదు.

ఎవరో చెరువులో విషం కలిపారన్న మాట ఆ పొద్దే బస్తీ అంతా పాకింది. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలని కొందరు సభ్యులు గట్టిగా పట్టుబట్టారు. కొర్రమీనులు బతికి ఉండడమే మనకు దొరికిన మొదటి ఆధారం. కొర్రమీను నీటి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలిగిన చేప. రవ్వకు, బొచ్చెకు ఆ శక్తి లేదు, నీటిలో కరిగిన ఆక్సిజన్ తప్ప వాటికి దిక్కు లేదు. మన సభ్యుల్లో ఒకరు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన వారు. ఆయన మరునాడు తెల్లవారకముందే వచ్చి, తూము దగ్గరి నీటిని బుడగ లేకుండా గాజు సీసాలో నింపి, అందులో మాంగనీస్ సల్ఫేట్‌ను, ఆ వెంటనే క్షార అయొడైడ్ ద్రావణాన్ని వేశారు. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి ఏర్పడాలి. పోల్చి చూడడానికి పక్కన పెట్టిన నల్లా నీటి సీసాలో అది వెంటనే ఏర్పడింది. చెరువు నీటి సీసాలో మాత్రం సున్నంలాంటి తెల్లటి మడ్డి కిందికి దిగింది. చుట్టూ నిలబడి చూసిన మత్స్యకారులకు ఇక వేరే వివరణ అవసరం లేకపోయింది, పోలీసు ఫిర్యాదు మాట కూడా అక్కడితో ఆగింది.

ఇది ఎలా జరుగుతుందో సభ్యులందరూ తెలుసుకోవాలి, ఎందుకంటే మనం కోరుతున్న పరిష్కారాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. నీటిలో పడిన మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో తెలిపే కొలతను బీఓడీ అంటారు. స్నానానికి పనికివచ్చే నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించింది. ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగులో అది 200 నుంచి 300 వరకు ఉంటుంది. పేడ, మూత్రం కలిసిన చిక్కటి కొట్టం మురుగులో 10,000 నుంచి 20,000 వరకు ఉంటుంది. పాలలో అయితే లక్ష దాటుతుంది. అంటే పాలకేంద్రాల దగ్గర క్యాన్లు కడిగి పారబోసే తెల్లటి నీరు కూడా, చూడడానికి పేడనీటి కంటే ఎంత శుభ్రంగా కనిపించినా, చెరువు ఊపిరిని తీసేదే. చేపలు బతకడానికి నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. పేడ పడిన చెరువులో సూక్ష్మజీవులు ఆ ఆక్సిజన్‌ను కొంత తినేస్తాయి. పేడలోని భాస్వరం, మూత్రంలోని నత్రజని తిని పెరిగిన పాచి పగలు ఎండలో ఆక్సిజన్‌ను ఇచ్చినట్టే ఇచ్చి, రాత్రంతా తిరిగి తీసుకుంటుంది. అందుకే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామునే, చేపలు చచ్చేదీ ఆ వేళలోనే. నీరు వేడెక్కి, పాచి వల్ల క్షారగుణం కూడా పెరిగిన రోజుల్లో మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా విషప్రభావం ఎక్కువై ఆ నష్టాన్ని మరింత పెంచుతుంది.

కొట్టాలు పెరిగాయి, పొలాలు దూరమయ్యాయి

పాడి మీద మన సంఘానికి ఏ విధమైన వ్యతిరేకతా లేదని ముందుగా స్పష్టం చేయవలసి ఉంది. ఉత్తర తెలంగాణలో పాలు ఎన్ని ఇళ్లను నిలబెట్టాయో మనకు తెలుసు. మన హనుమకొండ జిల్లాలోనే ముల్కనూరులో 2002లో మహిళలు తమ సొంత సహకార డెయిరీని మొదలుపెట్టి నడుపుతున్నారు. వానలు లేక పంట పోయిన ఏడు కూడా పాడి ఉన్న ఇంట్లో పదిహేను రోజులకోసారి పాల బిల్లు చేతికి వస్తుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గేదెలు 42 లక్షలకు పైగా, ఆవులు, ఎద్దులు కలిపి మరో 42 లక్షలకు పైగా ఉన్నాయి. సమస్య పశువుల సంఖ్యలో కంటే అవి ఎక్కడ గుమిగూడాయన్న దానిలో ఉంది.

ఒకప్పుడు మన చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో ఇంటికి రెండో నాలుగో బర్రెలు ఉండేవి, వాటితో పాటు ఎంతో కొంత భూమీ ఉండేది. ఆ భూమి గడ్డే పశువు తినేది, ఆ పశువు పేడే పెంటగా మారి తొలకరికి ముందు బండ్ల మీద మళ్లీ ఆ భూమికే చేరేది. ఇప్పుడు నగరం అంచున ఎకరం, అరెకరం స్థలంలో యాభై, వంద ముర్రా బర్రెలను కట్టేసి పెంచుతున్నారు. వరిగడ్డి మోపులు ఎక్కడెక్కడి మండలాల నుంచో లారీల మీద వస్తాయి, దాణా ఇతర రాష్ట్రాల నుంచి వస్తుంది. పాలు నగరంలోకి వెళ్తాయి. పేడకు మాత్రం వెళ్లడానికి చోటు లేదు, అన్ని పొలాల సారం వచ్చి ఒకే ఎకరంలో కుప్ప పడుతోంది.

ఈ లెక్కను కార్యవర్గం కొంచెం వివరంగా వేసి చూసింది. ఒక పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. 15 కిలోలే అనుకున్నా సంవత్సరానికి దాదాపు ఐదున్నర టన్నులు. వంద బర్రెలున్న కొట్టం నుంచి 550 టన్నులు. అది మాగిన తర్వాత సుమారు సగానికి తగ్గుతుంది. వరి పొలానికి ఎకరాకు నాలుగు టన్నుల చొప్పున పశువుల ఎరువు వేసుకోవాలన్న సాధారణ సిఫారసును పాటిస్తే, ఒక్క కొట్టం పేడను సక్రమంగా ఇముడ్చుకోవడానికి అరవై డెబ్బై ఎకరాలు కావాలి. ఆ ఎకరాలు లేని చోట, ఆ పనిని ఎవరినీ అడగకుండా మన చెరువు నెత్తిన పెట్టినట్టయింది.

మన ఎగువ ప్రాంతంలో ఉదయం పాలు పిండే ముందు ఒకసారి, మధ్యాహ్నం మళ్లీ ఒకసారి కొట్టాలు కడుగుతారు. ఒర్రె వెంట నడిచి చూసిన సభ్యులకు ఆ వేళలు గడియారం చూడకుండానే తెలిసిపోయేవి. అంతవరకు సన్నగా పారే నీరు ఒక్కసారిగా ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగి, మీద నురగ కట్టి, కల్వర్టు దగ్గర వరిగడ్డి పరకలతో అడ్డం పడి ఆగిపోయేది. ఆ కల్వర్టు దాటితే చెరువే.

ఇతర దేశాల అనుభవం

ఈ విషయంలో మనకంటే ముందు వెళ్లి ఇబ్బంది పడిన దేశాల గురించి గత డిసెంబరు సమావేశంలో చర్చించాము. న్యూజిలాండ్‌లో పాడి ఆవుల సంఖ్య 1990లో 34 లక్షల ప్రాంతంలో ఉండేది, 2014 నాటికి 67 లక్షలకు చేరింది. అక్కడి ఆవులు కొట్టంలో ఉండవు, ఏడాది పొడవునా బయళ్లలో మేస్తాయి. ఆవు మూత్రం పోసిన ప్రతి చిన్న మచ్చలోనూ గడ్డి తీసుకోగలిగిన దానికంటే ఎన్నో రెట్లు నత్రజని పడి, నైట్రేట్‌గా మారి, మట్టిలోంచి భూగర్భజలానికి దిగుతుంది. క్యాంటర్‌బరీ మైదానం వంటి చోట్ల బావుల్లోనూ, వాటి ఊటతో పారే వాగుల్లోనూ నైట్రేట్ పెరగడానికి ఇది ముఖ్య కారణం. పశువులు వాగుల్లోకి దిగకుండా 2020లో నిబంధనలు చేశారు. 2021 నుంచి మేత భూమికి హెక్టారుకు సంవత్సరానికి 190 కిలోలకు మించి రసాయన నత్రజని వేయరాదని పరిమితి పెట్టారు. అయితే దశాబ్దాల పాటు నేలలోకి దిగిన నైట్రేట్ ఇంకా ఊటల్లోకి వస్తూనే ఉంటుంది, దాన్ని వెనక్కి పిలిచే చట్టం ఏదీ లేదు.

ఉత్తర ఐర్లాండ్‌లో లాక్ నే అనే పెద్ద సరస్సు ఆ ప్రాంతపు తాగునీటిలో దాదాపు 40 శాతం ఇస్తుంది. 2023 వేసవిలో అది నీలి ఆకుపచ్చ పాచితో నిండిపోయింది. అందులో చేరే భాస్వరంలో ఎక్కువ భాగం పశువుల పెంపకం ప్రధానంగా ఉన్న వ్యవసాయ భూముల నుంచి వచ్చేదే. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న టొలీడో నగరంలో 2014 ఆగస్టులో ఇదే జాతి పాచి విడుదల చేసిన విషం వల్ల నాలుగైదు లక్షల మంది రెండు మూడు రోజులు నల్లా నీరు తాగలేకపోయారు. కాచినా ఆ విషం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చెరువు నీటిపై పచ్చరంగు వేసినట్టు పాచి తెట్టు కట్టిన రోజుల్లో పశువులను నీటికి తోలవద్దని, పిల్లలను దిగనివ్వవద్దని మనం కట్ట మీద బోర్డు పెట్టింది ఇందుకే.

ఈ చర్చలో కార్యవర్గానికి ఎంతో ముఖ్యంగా తోచిన విషయం ఒకటుంది. న్యూజిలాండ్‌లో కాలుష్యం లక్షల ఎకరాల మేత బయళ్ల నుంచి, కంటికి కనబడకుండా, మట్టి గుండా వస్తోంది. మన దగ్గర అది కొట్టం గచ్చు మీద పుట్టి, ఒక మోరీలో పారి, ఒక ఒర్రెలో పడుతోంది. దాన్ని చేత్తో చూపించవచ్చు, పారతో ఎత్తవచ్చు, తొట్టిలో ఆపవచ్చు. వారికి దొరకని అవకాశం మనకు ఇంకా ఉంది కాబట్టే, నైట్రేట్ పూర్తిగా బోర్లలోకి దిగకముందే పని పూర్తి చేయాలని కార్యవర్గం తొందరపడుతోంది.

బోరు నీటి పరీక్షలు

తొందరపడడానికి కారణం కూడా ఉంది. ఒర్రెకు దగ్గరగా ఉన్న ఇళ్ల బోరు నీటిని ఈ సంవత్సరం పరీక్ష చేయించాము. కొన్నింటిలో నైట్రేట్ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంది. ఇది మన కాలనీలకే పరిమితమైనది కాదు. కేంద్ర భూగర్భజల మండలి 2024లో ప్రకటించిన నివేదికలో, తెలంగాణలో పరీక్షించిన నమూనాల్లో నాలుగో వంతుకు పైగా ఈ హద్దు దాటాయి. ఎరువులు, సెప్టిక్ ట్యాంకులు, పశువుల వ్యర్థాలు మూడూ దీనికి కారణాలే. మన బోర్లలో వీటి వాటా ఎంతెంతో విడదీసి చెప్పే పరీక్ష మనం చేయించలేదు, కనుక మొత్తం నెపాన్ని కొట్టాల మీద వేయడం న్యాయం కాదు.

ఆరు నెలల లోపు పసిపిల్లలున్న ఇళ్ల వారు ఈ విషయాన్ని బాగా గుర్తుంచుకోవాలి. నైట్రేట్ ఎక్కువగా ఉన్న నీటితో పాలపొడి కలిపి పడితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోయి, ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. నీటిని కాచడం వల్ల నైట్రేట్ తగ్గదు, పెరుగుతుంది. అటువంటి ఇళ్లలో పిల్లలకు బోరు నీరు వాడకుండా, మిషన్ భగీరథ నల్లా నీటినే కాచి వాడాలని ఇంటింటికీ వెళ్లి చెప్పిన మహిళా సభ్యులకు సంఘం కృతజ్ఞతలు తెలుపుతోంది.

కొట్టాల యజమానులతో చర్చలు, జరిగిన పనులు

జూన్ నుంచి ఎగువ కొట్టాల యజమానులతో విడివిడిగానూ, తర్వాత ఒకసారి అందరితో కలిపీ మాట్లాడాము. మొదట్లో వాతావరణం ఉద్రిక్తంగానే ఉండింది. తమను ఖాళీ చేయించడానికే సంఘం వచ్చిందని వారు అనుకున్నారు, మన సభ్యుల్లోనూ కొందరి కోరిక అదే. వారు చెప్పినది ఓపికగా విన్న తర్వాత అసలు చిక్కు ఎక్కడుందో తెలిసింది. పేడను పారబోయాలని వారికి కోరిక లేదు. ఎత్తడానికి కూలీలు దొరకరు, నిల్వ చేయడానికి చోటు లేదు, తోలుకపోవడానికి వచ్చే రైతులు వేసవిలో నాలుగు వారాలే వస్తారు, మిగతా పదకొండు నెలలు పైపు పట్టి కొట్టడమే వారికి తేలిక.

అందుకే మన మొదటి విన్నపం ఖర్చు లేనిదిగా ఎంచుకున్నాము: కడగడానికి ముందు పారతో, చీపురుతో పేడను పొడిగా ఎత్తి పక్కన వేయాలి, ఆ తర్వాతే నీళ్లు కొట్టాలి. ఇది చాలా చిన్న మార్పు. కానీ ఒర్రెలో తేడా వెంటనే కనిపించింది. ఒప్పుకున్న కొట్టాల కింద మోరీలో పేడ ముద్దలు కనబడడం దాదాపు ఆగింది. నీళ్ల వాడకం తగ్గడంతో బోరు మోటారు నడిచే సమయం కూడా తగ్గిందని యజమానులే చెప్పారు. రెండో విన్నపం రెండు గదుల ఇటుక తొట్టి. కడిగిన నీరు మొదటి గదిలో నిలిచి మడ్డి కిందికి దిగుతుంది, రెండో గది నుంచి పైతేట నీరు పక్కనున్న నేపియర్ గడ్డి మడికి పారుతుంది. నేపియర్ నత్రజనిని ఆశగా తీసుకునే గడ్డి, కోసిన కొద్దీ పెరుగుతుంది, కోసినది మళ్లీ బర్రెలకే వెళ్తుంది. గడ్డి మడికి చోటు ఉన్న కొట్టాల్లో ఇది బాగా నడుస్తోంది. చోటు లేని కొట్టాల్లో తొట్టి నిండి పొర్లుతోంది. దానికి పరిష్కారం ఇంకా చూడవలసి ఉంది.

ఒక కొట్టంలో గోబర్ గ్యాస్ పెట్టారు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ చాలు, ఒక కుటుంబం వంట సాగిపోతుంది. కానీ సభ్యులు ఒక విషయం గమనించాలి. గ్యాస్ తీసిన తర్వాత బయటికి వచ్చే ముద్దలో నత్రజని, భాస్వరం దాదాపు అలాగే ఉంటాయి. దాన్ని పొలానికి చేర్చకుండా మోరీలో వదిలితే చెరువుకు కలిగే మేలు కొంతే. గోబర్ గ్యాస్ మంచిదే, కాని దాన్ని పూర్తి పరిష్కారంగా ప్రచారం చేయడానికి కార్యవర్గం ఇష్టపడలేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పట్టినది, ఎక్కువ ఫలితమిచ్చినది పేడను పొలాలకు చేర్చే ఏర్పాటు. కొట్టాల యజమానులు ట్రాక్టర్ ట్రాలీకి పేడ నింపి ఇస్తారు, డీజిల్ ఖర్చు రైతు భరిస్తాడు, ఒర్రెకు దూరంగా మెరక మీద కుప్ప వేయడానికి చోటు చూపించే బాధ్యత మన సంఘానిది. వాన ముందర పేడ తోలి మడిలో అలాగే వదిలేయవద్దని, కుప్ప మీద మట్టి గానీ వరిగడ్డి గానీ కప్పాలని రైతులకు చెప్పాము. ఎందుకంటే పొలం నుంచి కొట్టుకొచ్చినా అది చేరేది మళ్లీ ఈ చెరువుకే. మొదట్లో రైతులు అంతగా ముందుకు రాలేదు. 2025 ఆగస్టులో పరిస్థితి మారింది. యూరియా కొరతతో రాష్ట్రమంతటా రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి నిలబడవలసి వచ్చింది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. ఒక బర్రె ఏడాది పొడవునా వేసే పేడలో సుమారు 16 కిలోల నత్రజని ఉంటుంది, మూత్రంలో దాదాపు మరో అంత, దాణా బాగా పెట్టే చోట ఇంకా ఎక్కువే ఉంటుంది. పేడలోని నత్రజని యూరియాలా వెంటనే పైరుకు అందదు, మూత్రంలోనిది చాలావరకు గాలిలో కలిసిపోతుంది, కనుక పేడ తోలితే యూరియా అక్కరలేదని ఎవరూ అనుకోకూడదు. అయినా, కొనడానికి గంటల తరబడి నిలబడుతున్న సారమే ఇంకో పక్క మోరీలో పారి చెరువులో చేపలను చంపుతున్నదన్న సంగతి ఆ నెలలో చాలామందికి మనసుకు తగిలింది. వానాకాలం మధ్యలో కూడా పేడ ట్రాలీలు అడిగిన రైతులు ఈ సంవత్సరమే కనిపించారు.

చట్టం, కార్యాలయాలు

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం వాగులోకి గానీ, చెరువులోకి గానీ తెలిసి కలుషిత పదార్థాన్ని వదలడం నిషిద్ధం. పాడి కేంద్రాలు, గోశాలల వ్యర్థాల నిర్వహణపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. పేడను, కడిగిన నీటిని మోరీల్లోకి వదలరాదని, పాడి కేంద్రాలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందాలని అవి చెబుతున్నాయి. వీటి తెలుగు సారాంశాన్ని అచ్చు వేయించి కొట్టాల యజమానులకు, వార్డు సభ్యులకు, సంబంధిత కార్యాలయాలకు ఇచ్చాము. ఒక కార్యాలయంలో మన దరఖాస్తు నెలల తరబడి కదలలేదు. ఇది మరో శాఖ పని అని ఒకరు, తమ పని కాదని మరొకరు చెప్పడంతో కాలం గడిచింది. చివరకు ఉమ్మడి తనిఖీ జరిగింది. ఎంత చెప్పినా వినని ఒకరిద్దరు యజమానులకు నోటీసులు వచ్చాయి. మాటతో ఒప్పుకున్న వారికి, ఒప్పుకోని వారికి మధ్య తేడా చూపకపోతే ఒప్పుకున్న వారికి అన్యాయం జరుగుతుందని కార్యవర్గం భావిస్తోంది, కనుక ఈ నోటీసుల విషయంలో సంఘం వెనక్కి తగ్గదు.

మన ఇళ్ల మురుగు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొట్టాల యజమానులు ప్రతి సమావేశంలోనూ మన వైపు వేలెత్తి చూపింది దీనికే, వారి మాటలో న్యాయం ఉంది. మన కాలనీల మోరీలు కూడా అదే చెరువులో పడుతున్నాయి. ఒక లీటరు ఇంటి మురుగు ఒక లీటరు కొట్టం మురుగు కంటే ఎంతో పలుచనైనదే అయినా, పరిమాణం చాలా ఎక్కువ. సెప్టిక్ ట్యాంకర్లు రాత్రి పూట ఒర్రెలో వదలడాన్ని మన సభ్యులే రెండు వీధుల్లో ఆపించారు. మురుగు మళ్లింపు కాలువ కోసం నగరపాలక సంస్థకు ఇచ్చిన వినతి పెండింగులో ఉంది.

చెరువు అడుగున ఉన్నది

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాలను ముంచెత్తిన వానలకు మన చెరువు కూడా మత్తడి (అలుగు) దూకింది. ఆ తర్వాత కొన్ని వారాలు నీరు తేటగా కనిపించింది, బతుకమ్మ పండుగ నాటికి వాసన కూడా లేదు. సమస్య తీరిందని చాలామంది సంతోషించారు. కానీ మన చెరువులు కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టుగా ఉన్నవి. మన మత్తడి దూకిన నీరు పోయేది కింది ఊరి చెరువులోకే. ఆ ఊరి వారు ఆ మురుగును మనకంటే ఎక్కువగా భరించారు. వారి సంఘంతో కలిసి పని చేయాలన్న తీర్మానం అప్పుడే చేశాము.

పైగా భాస్వరం నీటితో పాటు పూర్తిగా కొట్టుకుపోదు, పూడిక మట్టికి అంటుకుని అడుగున నిలిచిపోతుంది. అడుగున ఆక్సిజన్ లేనప్పుడు అది మళ్లీ నీటిలోకి విడుదలై పాచికి మేతవుతుంది. ఎగువ నుంచి ఒక్క చుక్క రాకపోయినా కొన్ని సంవత్సరాల పాటు చెరువు పచ్చబడుతూనే ఉండడానికి కారణం ఇదే. వరంగల్ నగరంలోని భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీ చేయించి, ఆ తర్వాత పూడిక తీత మొదలుపెట్టినప్పుడు మన సభ్యులు చాలామంది వెళ్లి ఆ నల్లటి ఒండ్రును చూసి వచ్చారు, మన చెరువుకు కూడా అదే చేయించాలని కోరారు. పూడిక తీయవలసిందే. కానీ పై నుంచి వచ్చే పేడ ఆగకముందు తీస్తే, ఖర్చు పెట్టిన చోటే మళ్లీ పూడిక చేరుతుంది. మొదట ఒర్రె, తర్వాత పూడిక అన్న క్రమాన్ని సభ్యులు ఆమోదించాలని కోరుతున్నాము. పూడిక మట్టిని పొలాలకు తోలే ముందు మట్టి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

గుర్రపు డెక్కను ఏటా తీయిస్తున్నాము, ఈ సంవత్సరమూ తీయించాము. ఈసారి ఒక మార్పు చేశాము. తీసిన డెక్కను కట్ట మీద కుప్ప పోయకుండా, నీరు కారిపోయే వరకు ఆరబెట్టి, కంపోస్టు గుంతలకు తరలించాము. కట్ట మీద వదిలితే అది కుళ్లి, పీల్చుకున్న సారాన్నంతా తొలి వానకే చెరువుకు తిరిగి ఇచ్చేస్తుంది. ఒర్రె చెరువులో కలిసే చోట సహజంగా పెరిగిన జమ్మును కొట్టివేయవద్దని కూలీలకు చెప్పాము. అది వచ్చే మురుగును కొంత వడకడుతుంది, కానీ ఏడాదికి ఒకసారి కోసి బయటికి తీయాలి. దోమల బెడద గురించి సభ్యుల నుంచి వచ్చిన ఫిర్యాదులకు కూడా మూలం ఇక్కడే ఉంది. మురుగు నిలిచిన చోట పెరిగే క్యూలెక్స్ దోమకు పేడనీరు మంచి నెలవు. పొగ కొట్టడం కంటే మోరీ పారేలా చూడడం మేలని అనుభవంలో తేలింది.

జమాఖర్చులు, రాబోయే సంవత్సరం

ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము. సభ్యత్వ రుసుము, దాతల విరాళాలు తప్ప ఇతర ఆదాయం లేదు. ఖర్చులో ముఖ్యమైనవి నీటి పరీక్షలు, డెక్క తొలగింపు, కరపత్రాల ముద్రణ. మొక్కల సంరక్షణకు కేటాయించిన మొత్తంలో కొంత మిగిలింది.

రాబోయే సంవత్సరానికి కార్యవర్గం మీ ఆమోదం కోరుతున్న అంశాలు ఇవి. ఒర్రెలో మూడు చోట్ల, చెరువులో తూము వద్ద, మత్తడి వద్ద నెలకు ఒకసారి నీటిని పరీక్షించి, ఫలితాలను కట్ట మీద బోర్డుపై రాయాలి. వేసవిలో తెల్లవారుజామున ఆక్సిజన్ పరీక్ష వారానికోసారి జరగాలి, ఆక్సిజన్ పడిపోతున్నట్టు తెలిస్తే చేపలు చావకముందే మత్స్య సహకార సంఘం వారు పట్టుకునేలా వారికి కబురు వెళ్లాలి. గడ్డి మడికి చోటు లేని కొట్టాల కోసం ఉమ్మడి తొట్టి, కంపోస్టు గుంతలకు స్థలం కేటాయించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరాలి. పరీక్షల ఖర్చు కోసం సభ్యత్వ రుసుమును పెంచాలన్న ప్రతిపాదన కూడా ఉంది. దీనిపై అభ్యంతరాలు ఉన్నవారు సమావేశంలోనే చెప్పాలని మనవి.

మత్స్య సహకార సంఘం సభ్యులకు, పేడ ట్రాలీలు తోలిన రైతులకు, తొట్టి కట్టించుకున్న కొట్టాల యజమానులకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది. ఈ నివేదికను చర్చించి, ఆమోదించవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి